గేదాయన వంతెన కింద నుంచే వెళ్తాడు

ఓటింగు రోజున గేదాయన సభలోంచి లేచి పారిపోయాడని చెప్పుకుంటారే, అది శుద్ధ అబద్ధం. మంత్రి పదవి ఆశ చూపించి ఎవరో కారెక్కించుకుపోయారన్నదీ అబద్ధమే. స్నానాల గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడన్నారు, గుండెనొప్పి నటించాడన్నారు, గోడ దూకాడన్నారు. గోడ దూకే మోకాళ్ళా అవి? ఆయన ఆ రోజు సభలోంచి లేచింది నిజం. వెళ్ళింది మాత్రం పాలు పితకడానికి. ఇది గాలికి వచ్చిన మాట కాదు. ఆ పూట పక్కన దూడని పట్టుకుని నిలబడ్డ మనిషి, అంటే ఆయన పెళ్ళాం, తన నోటితో తాను చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ నోరు ఎందుకు కట్టుకుందో కూడా చెప్పింది.

కథ వాగు దగ్గర మొదలవుతుంది. గేదాయన ఇల్లు వాగుకి ఇవతల, పొలం వాగుకి అవతల. ఆయన ఒక్కడిదే కాదు, ఊరందరి బతుకూ అంతే. బడీ, ఆసుపత్రీ, బస్సూ ఇవతల. పంటలూ, పచ్చికా, సగం మంది చుట్టాలూ అవతల. మామూలు రోజుల్లో మోకాలి లోతే. పైనెక్కడో వాన పడితే మాత్రం చెప్పాపెట్టకుండా నడుము లోతు వచ్చేసేది. అప్పుడు దాటాలంటే గేదాయన గేదె తోక పట్టుకోవాల్సిందే.

నీళ్ళ కింద ఇసక ఎక్కడ గట్టిగా ఉందో, గుంట ఎక్కడ పడిందో ఆ గేదె గిట్టలకే తెలిసిపోయేది. గేదాయన దాని చెవి పక్కన నడుస్తూ ఊళ్ళో కబుర్లు చెప్పేవాడు. ఎవరింట్లో గిన్నెలు ఎగిరాయి, ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టింది, అలాంటివి. కబురు ఆగితే గేదె ఆగేది. తోక పట్టుకున్నవాళ్ళకి తమ సంగతే చెప్తున్నాడని తెలిసినా కిక్కురుమనేవాళ్ళు కాదు. నడివాగులో పౌరుషమేంటి? బడి పంతులూ, నర్సమ్మా, ఓట్ల పెట్టె నెత్తిన పెట్టుకున్న ఆఫీసరూ, అందరూ ఆ తోక పట్టినవాళ్ళే.

ఒక్కటే షరతు. తెల్లబట్టలు కట్టుకోకూడదు. దూడగా ఉన్నప్పుడు గాలికి ఎగిరొచ్చిన తెల్లదుప్పటి ఒకటి దాని మొహానికి చుట్టుకుంది. అప్పట్నించీ తెలుపు కంటపడితే చాలు, గేదె గేదెలా ఉండదు.

గేదాయన పెళ్ళాం దాన్ని సవతి అనేది. "నాతో పూటకో మాట మాట్లాడితే గొప్ప. మా సవతితో మాత్రం దారి పొడుగునా కబుర్లే," అని నవ్వేది. నవ్వులాట మాటే కానీ పచ్చి అబద్ధం కూడా కాదు.

ఆవిడ పుట్టిల్లు అవతలి ఒడ్డునే. ఇటు నిలబడితే ఆ ఇంటి పొయ్యి పొగ కనిపించేంత దగ్గర. ఒక వానాకాలం ఆవిడ తల్లికి జబ్బు చేసింది. తమ్ముడు అవతలి గట్టు మీద నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కబురు కేకేశాడు. ఆ రోజు వాగు ఎర్రగా పొంగి పోతోంది. గేదె నీళ్ళ అంచు దాకా వచ్చింది, వాసన చూసింది, వెనక్కి తిరిగింది. గేదాయన ఉన్న కబుర్లన్నీ చెప్పాడు, లేనివి కల్పించి చెప్పాడు. దిగలేదు. చెప్పడానికి ఇంకేమీ మిగలక గట్టు మీద కూలబడ్డాడు.

వాగు తగ్గి ఆవిడ పుట్టింటికి చేరేసరికి అంతా అయిపోయింది. తల్లి పడుకునే మంచం ఎత్తి గోడకి ఆనించి ఉంది.

"ఊరందర్నీ దాటించావు," అంది ఆవిడ తిరిగొస్తూ. "నన్నొక్కదాన్నే దాటించలేకపోయావు."

గేదాయన తల వంచుకుని గేదె చెవి పక్కన నడిచాడు. ఆ రోజు మాత్రం కబుర్లు లేకుండానే గేదె నడిచింది.

మరి వాగులో గేదెతో ఉన్న మనిషి సభలోకి ఎలా వెళ్ళాడంటారా? ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ పెద్దాయన ప్రచారానికి అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. తిరిగొచ్చే వేళకి వాగొచ్చింది. ఆయన ఒంటి మీద మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కా. ఆయన అదృష్టం, గట్టు దిగుతూ జారి బురదలో బోర్లా పడ్డాడు. తెలుపన్నది మచ్చుకైనా మిగల్లేదు. నోరు మూసుకుని తోక పట్టుకున్నాడు. ముందు గేదాయన కబుర్లు చెప్తూనే ఉన్నాడు: ఈ పార్టీ టిక్కెట్టు కోసం ఊళ్ళో ఇద్దరు మోతుబరులు జుట్లు పట్టుకున్నారనీ, ఇద్దర్లో ఎవరికిచ్చినా రెండోవాడు ఓడగొడతాడనీ. పెద్దాయన వెనక నుంచి చెవులు రిక్కించి విన్నాడు.

గట్టెక్కాక నీళ్ళు కారుతున్న మీసం పిండుకుంటూ అడిగాడు. "ఏమయ్యా, ఈ రెండు ఒడ్ల మీదా నీకు తెలియనివాళ్ళున్నారా?"

"మొహాలు అంతగా తెలీవండీ. అందరూ నా వెనకే ఉంటారు కదా. దగ్గితే చెప్తాను ఎవరో."

"అందరూ నీ వెనకే ఉంటారా!" అన్నాడు పెద్దాయన. అంతే, టిక్కెట్టు ఖాయమైపోయింది.

ఇంట్లో పెళ్ళాం ఒక్క మాట అంది. "వంతెన వేయించేట్టయితే వెళ్ళు. లేకపోతే ఇంట్లో కూచో. ఊరికే దండలు వేయించుకోడానికైతే మాత్రం నా గడప దాటకు."

ఆయన ప్రచారమంతా ఆ ఒక్క మాటే. మైకు చేతికిస్తే "వంతెన" అనేవాడు, మైకు తిరిగి ఇచ్చేసేవాడు. ఇంత పొట్టి ఉపన్యాసం జనం అంతకు ముందు విని ఎరగరు. ఆ సంతోషంతోనే సగం ఓట్లు పడ్డాయి. మిగతా సగం తోకవి.

గెలిచిన సంబరం ఇంటి గుమ్మం దాకానే. పార్టీవాళ్ళు కుట్టించిన తెల్లచొక్కాతో గేదాయన పెరట్లోకి అడుగుపెట్టాడో లేదో, గేదె గుంజ పెరుక్కుని పక్కవాళ్ళ దొడ్డిలోంచి అటే పోయింది.

"ఊళ్ళకి ఊళ్ళు గుర్తుపట్టి గెలిపించాయి," అంది పెళ్ళాం. "మా సవతి మాత్రం గుర్తుపట్టలేదు."

ఆయన రాజధానికి వెళ్ళాక ఇంకో తంటా. ఆ గేదె ఆయన చేతికి తప్ప పాలు వదలదు. పెళ్ళాం ఆయన పాత చొక్కా తొడుక్కుని చెంబు పట్టుకుని కూర్చుంది. గేదె చొక్కా చెయ్యి వాసన చూసింది, చొక్కాలో ఉన్న మనిషిని చూసింది, చెంబుని తన్నింది. పాలు బిగబట్టేసరికి పొదుగు రాయిలా అయింది, ఒళ్ళు కాలిపోయింది. ఇంకేముంది? లారీ మాట్లాడుకుని, గేదెనీ దూడనీ గడ్డిమోపుల్నీ ఎక్కించుకుని, ఆవిడే రాజధానికి బయల్దేరింది.

సభ్యులుండే ఇళ్ళ గేటు దగ్గర కాపలాదారు అడ్డం పడ్డాడు.

"ఏంటమ్మా ఇది? వెనక ఉన్నది కార్లు పెట్టుకునే షెడ్డు!"

"మాకు కారు లేదు బాబూ. ఖాళీగానే ఉందిగా."

"వాహనం అయితేనే పెట్టాలమ్మా."

"ఇదీ వాహనమే. మా పార్టీ పెద్దాయన దీంతోనే వాగు దాటాడు. ఆయన్నే అడుగు."

ఆ పెద్దాయన అప్పటికి ముఖ్యమంత్రి. వెళ్ళి అడిగే ధైర్యం కాపలాదారుకి ఎక్కడిది? బుర్ర గోక్కున్నాడు. "రంగు?"

"నలుపు."

"ఎంతమంది ఎక్కుతారు?"

"ఎక్కరు. పట్టుకుంటారు."

"హారనుందా?"

సరిగ్గా అప్పుడే గేదె దూడ కోసం అరిచింది. రెండు మేడల అవతల కిటికీలు తెరుచుకున్నాయి. కాపలాదారు గేటు తీశాడు.

అలా గేదాయన సంసారం రాజధానిలో పడింది. షెడ్డు గోడకి రెండు మేకులు కొట్టారు. ఒకదానికి సభకి వెళ్ళే తెల్లచొక్కా, రెండోదానికి గేదె దగ్గరికి వెళ్ళే మట్టిరంగు చొక్కా. ఒకటి రెండుసార్లు హడావిడిలో తారుమారయ్యాయి. గేదె చొక్కాతో వెళ్తే సభవాళ్ళు లోపలికి రానివ్వలేదు. సభ చొక్కాతో వస్తే గేదె రానివ్వలేదు. ఇద్దర్లో గేదే నయం, వెంటనే చెప్పేస్తుందనేవాడు.

సభలో ఆయన అడిగేది కూడా ఒక్కటే. "వంతెన సంగతేంటండీ?" అవతల మంత్రి లేచి "పరిశీలనలో ఉంది" అనేవాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. తర్వాత ఒకరోజు అడిగేశాడు.

"పరిశీలన అంటే చూడ్డమే కదండీ?"

"అవును."

"ఎక్కడి నుంచి చూస్తున్నారు? ఊరెళ్ళినప్పుడల్లా నేను వాగులోనే ఉంటాను. ఎవరూ తొంగి చూసినట్టు లేదు."

సభంతా గొల్లుమంది. వంతెన మాత్రం పరిశీలన దాటలేదు. సాయంత్రం ఇంటికొచ్చి దూడని విప్పుతుంటే పెళ్ళాం ఏమీ అడిగేది కాదు. మళ్ళీ వానాకాలం వస్తోందని మాత్రం అనేది. ఆ మాట ఆయనకి గుచ్చుకునేది.

ఇంతలో సర్కారు కిందకి నీళ్ళొచ్చాయి. కొందరు సభ్యులు అటు దూకేశారు. లెక్క చూస్తే ముఖ్యమంత్రి కుర్చీ ఒకే ఒక్క ఓటు మీద వేలాడుతోంది. బలం తేల్చే రోజు పెట్టారు. పొద్దున్నించీ ఒకటే వాగ్వాదం. మధ్యాహ్నం పోయింది, ఎండ వాలింది, ప్రతిపక్ష నాయకుడు ఇంకా గొంతు తగ్గించలేదు. గేదాయన కిటికీలోంచి నీడ చూసుకున్నాడు. పాలవేళ. లేచాడు.

పార్టీలో హాజరు చూసే పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడికండీ? ఇప్పుడే ఓటింగు!"

"పాలు పితికి వస్తాను."

"ఎవరి పాలు?"

"మా గేదెవి."

పెద్దమనిషి గిరుక్కున వెనక్కి తిరిగాడు. పరుగున వెళ్ళి ముఖ్యమంత్రి చెవిలో ఊదాడు. ఇలాంటి రోజున నిజంగా గేదె పాలు పితకడానికి వెళ్ళే సభ్యుడు ఉంటాడని వాళ్ళ ఊహకి అందలేదు. అదేదో అవతలివాళ్ళు పెట్టిన గుర్తుమాట అనుకున్నాడు ముఖ్యమంత్రి. పక్క తలుపులోంచి వెనకే బయల్దేరాడు. ముఖ్యమంత్రే స్వయంగా వెళ్తున్నాడంటే బేరం ఎంత పెద్దదో అనుకుని, ప్రతిపక్ష నాయకుడు మాట మధ్యలో ఆపేసి ఇంకో తలుపులోంచి పరుగందుకున్నాడు.

షెడ్డులో గేదాయన మట్టిరంగు చొక్కా తొడుక్కుని, నుదురు గేదె డొక్కకి ఆనించి, అప్పుడే మొదటి ధార తీశాడు. పెళ్ళాం దూడని పట్టుకుని ఉంది. గుమ్మంలో రెండు తెల్లచొక్కాలు ప్రత్యక్షమయ్యాయి. గేదె కళ్ళు తెల్లబడ్డాయి. పాలు టక్కున ఆగిపోయాయి.

"బయటికి పొండి!" అని కసిరింది ఆవిడ. ఎవరో చూసుకుని నాలిక్కరుచుకుంది. "అది కాదండీ, తెల్లచొక్కా దానికి పడదు. ఉంటే ఈ గోనెసంచులు కప్పుకోండి."

"నన్ను గుర్తుపట్టదా? తోక పట్టుకుని వాగు దాటాను కదమ్మా!" అన్నాడు ముఖ్యమంత్రి.

"అప్పుడు మీరు వెనక ఉన్నారుగా."

ఒకర్నొకరు విడిచి వెళ్ళే ధైర్యం ఇద్దరికీ లేదు. వెళితే రెండోవాడు ఏం మాట్లాడుకుంటాడో! అందుకని ఇద్దరూ దాణా సంచులు తల మీద నుంచి మోకాళ్ళ దాకా కప్పుకుని, గడ్డిమోపు మీద పక్కపక్కన కూర్చున్నారు. పాలు మళ్ళీ దిగాయి. తవుడు ముక్కులోకి పోయి ఒకాయన తుమ్మితే రెండో ఆయన "చిరంజీవ" అనబోయి ఆపుకున్నాడు.

"నీకేం కావాలయ్యా?" అన్నాడు ముఖ్యమంత్రి సంచిలోంచి.

"వంతెన," అన్నాడు గేదాయన, ధార ఆపకుండా.

"ఇస్తున్నాను. లే, పద!"

"నేనొస్తే రెండు వంతెనలిస్తాను," అన్నాడు ప్రతిపక్ష నాయకుడు.

"పోడానికొకటీ రాడానికొకటా?" అంది ఆవిడ. "ఒక్కటి చాలు. ఎక్కడ కడతారో అది చెప్పండి."

గేదాయనే అందుకున్నాడు. "మా గేదె ఎక్కడ దాటుతుందో అక్కడే కట్టాలి. ఇంకెక్కడా కాదు."

"సరే, గేదె దాటే చోటే!" అన్నాడు ముఖ్యమంత్రి. "ఇంక లేవయ్యా బాబూ!"

"సగంలో లేస్తే పొదుగు పాడవుతుందండీ."

ఆయన పితకడం అయ్యి, చెంబు నురగతో నిండి, దూడని వదిలేసరికి ఒక బంట్రోతు రొప్పుకుంటూ వచ్చాడు. అక్కడ ఓటింగు మొదలవగానే తలుపులు వేసేశారట. గేదాయన లేడు, ఇటు నాయకుడూ లేడు, అటు నాయకుడూ లేడు. ఓట్లు సరికి సరి వచ్చాయి. సభాపతి తన ఓటు సర్కారు వైపు వేసి గట్టెక్కించాడు. ఇప్పుడు గేటు బయట పేపరువాళ్ళు మూగి ఉన్నారు, నాయకులిద్దరూ ఎక్కడికి పోయారని అడుగుతున్నారు.

సంచుల్లోని ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. రాజ్యం తేలే గంటలో తామిద్దరూ గోనెసంచులు కప్పుకుని గడ్డి మీద కూర్చున్నామని చెప్పుకుంటే ఇంకేమైనా ఉందా?

"ఈయన పారిపోయాడని చెబుదాం," అన్నాడు ప్రతిపక్ష నాయకుడు మెల్లగా. "మనం వెతకబోయాం."

ఆ ఇద్దరూ జన్మలో మొదటిసారి ఒక మాట మీద ఉన్నారు.

"ఎదురుగా ఉన్న మనిషిని పారిపోయాడంటారా?" అని ఆవిడ భగ్గుమంది. "నేను ఇప్పుడే గేటు దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్తాను!"

"చెప్పమ్మా," అన్నాడు ముఖ్యమంత్రి. "చెప్తే నా పరువు పోతుంది, కుర్చీ పోతుంది. వంతెన ఇచ్చే చెయ్యి కూడా పోతుంది. నువ్వు చెప్పకపోతే వంతెన నీది."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఊళ్ళో తలెత్తుకోలేవు. అమ్ముడుపోయావంటారు. నీ పేరు గంగలో కలుస్తుంది."

గేదాయన చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "పేరు మీద నుంచి ఎవరన్నా వాగు దాటతారా?"

ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళలేదు. నాయకులిద్దరూ వెళ్ళబోతుంటే మాత్రం అడ్డం నిలబడి సంచులు విప్పించి తీసుకుంది. "ఇవి నా దగ్గరుంటాయి. వంతెన అయ్యాక వచ్చి పట్టుకెళ్ళండి," అంది. వాళ్ళ సెంటు వాసన పోతుందని వాటిని దులపను కూడా దులపలేదు.

గేదెతో సహా ఊరికి తిరిగొచ్చాక ఏమైందో మీకు తెలిసిందే. తోక పట్టుకున్నవాళ్ళే మొహం తిప్పుకున్నారు. పంతులు వీధి మారి నడిచేవాడు. "ఏం అత్తా, మావయ్యకి ఏ శాఖ ఇస్తామన్నారు? పాడి శాఖేనా?" అని కుళాయి దగ్గర కుర్రకోడళ్ళు ఆడిపోసుకుంటుంటే, ఆవిడ బిందె నింపుకుని ఇంటికొచ్చి ఆ సంచుల వంక చూసుకునేది. నోటి దాకా వచ్చిన మాటని మింగేది.

ముఖ్యమంత్రి మాట తప్పలేదు. ఇంజినీరు వచ్చాడు. కొంచెం పైకి వెళ్తే రెండు బండల మధ్య వాగు సన్నగా ఉంది, అక్కడైతే చిన్న వంతెన సరిపోతుందని నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"అక్కడ మా గేదె దాటదు," అన్నాడు గేదాయన.

"వంతెన గేదెకా, మనుషులకా?"

"మనుషులెప్పుడూ దాని వెనకే కదండీ దాటింది."

పై నుంచి వచ్చిన హుకుం కూడా గేదె దాటే చోటనే ఉంది. గేదె ఎక్కడ దాటుతుంది? వాగు బాగా పరుచుకుని పల్చబడ్డ చోట. అందుకే ఆ వంతెన అంత బారున, కొంచెం వంకరగా ఉంటుంది. గేదె నడిచే దారి వంకరే మరి.

ప్రారంభం రోజున మేళం, రిబ్బను, జనం. ముఖ్యమంత్రి ఈసారి ముందు జాగ్రత్తగా నీలంచొక్కా వేసుకొచ్చాడు. మొదట గేదె దాటాలన్నారు. గేదె వంతెన మీద ఒక్క గిట్ట పెట్టింది. సిమెంటు కింద డొల్లగా మోగింది. గిట్ట వెనక్కి తీసుకుంది. గేదాయన చెవిలో కబుర్లన్నీ పోశాడు. వినలేదు. గట్టు దిగి, ఎప్పటిలాగే నీళ్ళలోకి వెళ్ళింది. తాడు చేతిలో ఉంది కాబట్టి గేదాయనా వెళ్ళాడు. పైన జనం చప్పట్లు కొడుతూ దాటారు. కింద తను కట్టించిన వంతెన నీడలో గేదాయన మోకాళ్ళ దాకా తడుస్తూ దాటాడు.

పెళ్ళాం మాత్రం పై నుంచే నడిచింది. నడుమ ఒకచోట ఆగి, చెయ్యి గోడ మీద వేసి అవతలి ఒడ్డు చూసింది. పుట్టింటి పొయ్యి పొగ లేస్తోంది.

"ఏమేవ్, దాటావా?" అని కింద నుంచి కేకేశాడాయన.

"దాటుతున్నానయ్యా," అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నడిచింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచులు పొయ్యి కింద పెట్టేసింది.

తర్వాతి ఎన్నికల్లో గేదాయన చిత్తుగా ఓడిపోయాడు. వంతెన మీద నుంచి నడిచి వెళ్ళి మరీ ఆయనకి వ్యతిరేకంగా ఓట్లేశారు. ఆయనకి కోపం రాలేదు. కాళ్ళు తడవకుండా వెళ్ళారు కదా అన్నాడు. ఆ నాయకులిద్దరూ ఇప్పుడు ఏ కుర్చీలోనూ లేరు. కట్టిన వంతెనని ఎవరూ ఊడబీకలేరు. అందుకే ఆవిడ నోరు విప్పింది.

గేదె ముసలిదైంది, పాలు ఎప్పుడో మానేసింది. అయినా అవతలి పచ్చిక మీదే దాని ప్రాణం. ఈయనా ముసలివాడయ్యాడు, అయినా దాన్ని ఒంటరిగా పంపడు. అందుకని ఒక్క మాట వినండి. ఈ వానాకాలం ఆ వంతెన మీద వెళ్ళేవాళ్ళు బండి కాస్త ఆపి, గోడ మీద నుంచి కిందికి తొంగి చూడండి. నీళ్ళలో గేదె, దాని చెవి పక్కన తువ్వాలు చుట్టిన తల కనిపించాలి. కబుర్లు వినపడుతుంటే ఫరవాలేదు, మీ దారిన మీరు వెళ్ళండి. ఆ కబుర్లు మీ గురించే అయినా పట్టించుకోకండి. వినపడకపోతే మాత్రం వెళ్ళిపోకండి. గట్టిగా కేకెయ్యండి, పలికే దాకా ఆగండి. దిగాల్సి వస్తే, ఒంటి మీద తెల్లచొక్కా ఉంటే ముందు అది విప్పి దిగండి.